నేరానికి కాలదోషం పడుతుందా? అమెరికా రాష్ట్రాల్లో ఫెలనీ కేసుల గడువు లెక్కలు

అందరికీ నమస్కారం.

మన ఊళ్లలో ప్రోనోటు మీద అప్పిచ్చినవాళ్లకు చట్టం చదవకపోయినా ఒక లెక్క తెలుసు. నోటు రాసిన నాటి నుంచి 3 ఏళ్లు. ఆ 3 ఏళ్లు నిండేలోపు ఎంతో కొంత జమ కట్టించి, నోటు వెనక చెల్లు రాయించి, సంతకం తీసుకోవాలి. లేదంటే నోటుకు కాలదోషం పడుతుంది. ఆ తర్వాత కోర్టు మెట్లెక్కినా లాభం ఉండదు.

ఈ లెక్క మనసులో ఉండటం వల్ల, అమెరికాలో క్రిమినల్ కేసులకూ ఇలాంటి గడువే ఏదో ఒకటి ఉంటుందని మనవాళ్లు అనుకుంటారు. ఎక్కువగా వినిపించే మాట "7 ఏళ్లు దాటితే ఏమీ చేయలేరండీ" అని. ఈ 7 ఏళ్లు ఎక్కడిదంటే, క్రెడిట్ రిపోర్టులోంచి పాత బాకీలు రాలిపోయే కాలం అది. నేరానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇంకో మాట, "ఇండియా వెళ్లి ఓ 5 ఏళ్లు ఉండి వస్తే అంతా సద్దుమణుగుతుంది" అని. ఇది మరీ ప్రమాదకరమైన మాట. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇవాళ మీరు ఇంటికి తీసుకెళ్లాల్సింది ఒక్క సంగతి. క్రిమినల్ కేసులో గడువు అనేది ప్రభుత్వం కేసు మొదలుపెట్టడానికి ఉన్న గడువు. కేసు ముగించడానికి కాదు, మనిషిని పట్టుకోవడానికీ కాదు. గడువులోపు కేసు సరిగ్గా మొదలైపోతే, ఆ వారంటుకు 20 ఏళ్లయినా కాలదోషం పట్టదు. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే లెక్కలే. కాకపోతే ఆ లెక్కలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి.

అసలు నేరానికి గడువు ఎందుకు పెట్టారు? ఏళ్లు గడిచేకొద్దీ సాక్షులు మరచిపోతారు, చనిపోతారు, రసీదులు పోతాయి. నిజంగా నిర్దోషి అయినవాడు కూడా 15 ఏళ్ల కిందట ఫలానా మంగళవారం తాను ఎక్కడున్నాడో నిరూపించుకోలేడు. పోలీసులు ఫైళ్లు అటకెక్కించకుండా పని చేయాలన్నది రెండో కారణం. ఇంగ్లండు పాత న్యాయం మాత్రం దీన్ని ఒప్పుకోలేదు. రాజుకు కాలపరిమితి వర్తించదు అన్నది వాళ్ల సూత్రం. అమెరికా స్వతంత్రమయ్యాక కాంగ్రెస్ 1790లోనే ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ చట్టాల కింది) నేరాలకు గడువులు పెట్టింది. హత్య, ఫోర్జరీ మినహా మరణశిక్ష పడే నేరాలకు 3 ఏళ్లు, మిగతావాటికి 2 ఏళ్లు. ఆ 2 ఏళ్లు 1876లో 3 అయింది, 1954లో 5 అయింది. ఇప్పటికీ ఫెడరల్ సాధారణ గడువు 5 ఏళ్లే. రాష్ట్రాలు మాత్రం ఎవరి దారి వాళ్లు చూసుకున్నాయి. కొన్నైతే ఆ పాత రాజు సూత్రాన్ని ఇప్పటికీ వదల్లేదు.

ఆ రాష్ట్రాల పేర్లు గుర్తుపెట్టుకోండి. వర్జీనియా, మేరీల్యాండ్, నార్త్ కరొలైనా, సౌత్ కరొలైనా, వెస్ట్ వర్జీనియా, కెంటకీ, వయోమింగ్. ఇక్కడ ఫెలనీకి, అంటే పెద్ద నేరానికి, సాధారణంగా గడువంటూ లేదు. హత్యకే కాదు, చెక్కు మీద దొంగ సంతకం చేసినా అంతే. సౌత్ కరొలైనా, వయోమింగ్‌లలో చిన్న నేరాలకూ గడువు లేదు. కెంటకీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియాల్లో మిస్‌డిమీనర్‌కు, అంటే చిన్న నేరానికి, మామూలుగా 1 ఏడాది, నార్త్ కరొలైనాలో 2 ఏళ్లు. మనవాళ్లు వేలల్లో ఉండే ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలు, షార్లెట్, రాలీ ఊళ్లు ఈ రాష్ట్రాల్లోవే.

మిగతా రాష్ట్రాల్లో గడువు ఉంది, కానీ అంకెలు వేరు. హత్యకు ఎక్కడా గడువు లేదు. అది వదిలేసి, ప్రత్యేకంగా పేరు పెట్టని మామూలు ఫెలనీ సంగతి చూద్దాం. టెక్సాస్, ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 3 ఏళ్లు. జార్జియాలో 4. న్యూయార్క్, న్యూజెర్సీల్లో 5. ఒహాయో, మిషిగన్, మసాచుసెట్స్‌లలో 6. ఫ్లోరిడాలో ఫస్ట్ డిగ్రీ ఫెలనీకి 4, దానికన్నా చిన్నవాటికి 3. కాలిఫోర్నియాలో ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షను బట్టి ఉంటుంది. 8 ఏళ్లు, అంతకు మించి శిక్ష పడేదైతే గడువు 6 ఏళ్లు, తక్కువైతే 3. మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడేదైతే గడువు లేదు. ప్రభుత్వ సొమ్ము కాజేసినా కాలిఫోర్నియాలో గడువు లేదు. ఇది చాలామందికి తెలియదు.

ఈ అంకెలు రాసుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. సాధారణ అంకె మీద ఆధారపడి ఎవరూ నిర్ణయం తీసుకోకూడదు. మినహాయింపుల జాబితా అసలు సూత్రం కన్నా పొడుగ్గా ఉంటుంది. టెక్సాస్ చూడండి. మామూలు ఫెలనీ 3 ఏళ్లే. దొంగతనం, దోపిడీ, బర్‌గ్లరీ (నేరం చేయడానికి ఇంట్లోనో కట్టడంలోనో చొరబడటం) 5 ఏళ్లు. క్రెడిట్ కార్డు దుర్వినియోగం, వేరొకరి గుర్తింపు వివరాలు వాడుకోవడం, మనీ లాండరింగ్, అప్పు కోసం తప్పుడు స్టేట్‌మెంట్ ఇవ్వడం 7 ఏళ్లు. ఫోర్జరీకి 10 ఏళ్లు. ట్రస్టీగానో గార్డియన్‌గానో ఉండి ఆ ఆస్తిని కాజేస్తే 10 ఏళ్లు. కారుతో గుద్ది ఆగకుండా వెళ్లిపోతే, అవతలి మనిషి చనిపోతే, గడువే లేదు. ఒకే డబ్బు విషయంలో ప్రాసిక్యూటర్ దొంగతనం అని రాస్తే 5 ఏళ్లు, ఫోర్జరీ అని రాస్తే 10 ఏళ్లు. కాబట్టి ముందు తేలాల్సింది ఏ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు అన్నది. "ఎన్నేళ్లైంది" అన్న ప్రశ్న ఆ తర్వాతే.

ఇంకా ముందుకెళ్తే, అది ఫెలనీయా కాదా అన్నదే ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. షాపులోంచి 1,200 డాలర్ల ల్యాప్‌టాప్ డబ్బు కట్టకుండా బయటికి తెచ్చారనుకోండి. వర్జీనియాలో 2020 జూలై నుంచి గ్రాండ్ లార్సెనీ (పెద్ద దొంగతనం) హద్దు 1,000 డాలర్లు. అంటే ఇది ఫెలనీ, గడువు లేదు. అదే వస్తువు 990 డాలర్లదైతే పెటిట్ లార్సెనీ (చిన్న దొంగతనం), అది మిస్‌డిమీనర్, కానీ దీనికి మామూలు 1 ఏడాది కాదు, ప్రత్యేకంగా 5 ఏళ్లు. జార్జియాలో షాప్‌లిఫ్టింగ్ 500 డాలర్లు దాటితే ఫెలనీ, కాబట్టి 4 ఏళ్లు. టెక్సాస్‌లో 2,500 డాలర్ల దాకా మిస్‌డిమీనరే, కాబట్టి 2 ఏళ్లు. న్యూజెర్సీ చట్టంలో అసలు ఫెలనీ అన్న మాటే లేదు. క్రైమ్ అంటారు, దానికి నాలుగు డిగ్రీలు. 200 డాలర్లు దాటగానే అది క్రైమ్, గడువు 5 ఏళ్లు. దాటకపోతే డిసార్డర్లీ పర్సన్స్ అఫెన్స్, 1 ఏడాది. వస్తువు ఒకటే, చేసిన పని ఒకటే. రాష్ట్రం పొలిమేర దాటితే 2 ఏళ్ల వ్యవహారం జీవితకాలపు వ్యవహారమవుతుంది. న్యూజెర్సీలో ఉన్న స్నేహితుడు తన అనుభవంతో చెప్పిన సలహా షార్లెట్‌లో ఉన్నవాడికి పనికిరాదని చెప్పడానికే ఇంత వివరంగా చెప్పాను.

ఇప్పుడు లెక్క ఎప్పుడు మొదలవుతుంది? మామూలుగా నేరం పూర్తయిన రోజు నుంచి. టెక్సాస్ చట్టం నేరం జరిగిన రోజును, అభియోగం సమర్పించిన రోజును, రెండింటినీ లెక్కలోంచి తీసేయమంటుంది. ఒక్క రోజు తేడాతో కేసులు నిలబడ్డాయి, పడిపోయాయి కూడా. కొన్ని నేరాలు ఒక రోజుతో అయిపోవు. కుట్ర కేసులో కుట్ర సాగుతున్నంత కాలం లెక్క మొదలుకాదు. మధ్యలో పక్కకు తప్పుకున్నానంటే, ఆ తప్పుకున్నట్టు ముద్దాయే చూపించాలని అమెరికా సుప్రీంకోర్టు 2013లో స్మిత్ కేసులో తేల్చింది. కానీ ఏ నేరాన్ని పడితే దాన్ని కొనసాగే నేరం అనడానికి వీల్లేదని 1970లో టూసీ కేసులో అదే కోర్టు చెప్పింది. టూసీ అనే యువకుడు 18 ఏళ్లు నిండాక డ్రాఫ్ట్‌కు, అంటే నిర్బంధ సైనిక సేవకు, పేరు నమోదు చేసుకోలేదు. నమోదు కానంత కాలం నేరం సాగుతూనే ఉంది కదా అన్న ప్రభుత్వ వాదనను కోర్టు ఒప్పుకోలేదు.

డబ్బు మోసాల దగ్గర లెక్క మారుతుంది. నమ్మించి మోసం చేసినవాడు ఆ సంగతి కప్పిపెడతాడు కాబట్టి, బయటపడేసరికే గడువు అయిపోతే ఇక చట్టం ఉండి ఏం లాభం? అందుకని కాలిఫోర్నియాలో మోసం, నమ్మకద్రోహం కలిసిన ఫెలనీలకు నేరం బయటపడిన నాటి నుంచి గానీ, పూర్తయిన నాటి నుంచి గానీ, ఏది తర్వాతైతే దాని నుంచి 4 ఏళ్లు. చిట్టీల పేరుతో, ఇళ్ల పెట్టుబడుల పేరుతో తెలిసినవాళ్ల దగ్గరే డబ్బులు పోగొట్టుకున్నవాళ్లకు ఇది ముఖ్యం. జార్జియాలో నేరం జరిగిందన్న సంగతే తెలియని కాలాన్ని, ఎవరు చేశారో తెలియని కాలాన్ని లెక్కలోంచి తీసేస్తారు. అయితే ఇక్కడో మెలిక ఉంది. బాధితుడికి తెలిస్తే ప్రభుత్వానికి తెలిసినట్టే. "తెలిసినవాడే కదా, పరువు పోతుంది, ఇస్తాడులే" అని రెండేళ్లు ఫిర్యాదు ఇవ్వకుండా ఊరుకుంటే, ఆ రెండేళ్లూ గడువులోంచి కరిగిపోతాయి. మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ముందు ఫిర్యాదు నమోదు చేయండి. పెద్దమనుషుల రాజీ ప్రయత్నాలు ఆ తర్వాత.

పిల్లల మీద జరిగిన లైంగిక నేరాల్లో గడువులు ఈ పాతికేళ్లలో బాగా మారాయి. ఆరేళ్ల బిడ్డ ఆ మాట పెదవి దాటించడానికి ముప్ఫై ఏళ్లు పట్టవచ్చు. ఆ సంగతి చట్టసభలకు ఆలస్యంగా అర్థమైంది. న్యూయార్క్ 2019లో తెచ్చిన చట్టంతో, ఈ ఫెలనీల్లో చాలావాటికి బాధితులకు 28 ఏళ్లు వచ్చేదాకా కేసు పెట్టవచ్చు. కాలిఫోర్నియాలో చాలా నేరాలకు 40వ పుట్టినరోజు దాకా గడువు ఉంది. 2017 జనవరి 1 తర్వాత జరిగిన తీవ్రమైన లైంగిక నేరాలకైతే అక్కడ గడువే తీసేశారు. పెన్సిల్వేనియా కూడా పిల్లల మీద తీవ్రమైన లైంగిక నేరాలకు 2019లో గడువు తీసేసింది. ఇలాంటిది ఇంట్లో ఎవరికైనా జరిగి ఉంటే, "ఇప్పుడెందుకులే, ఎప్పుడో జరిగింది" అనే ముందు ఆ రాష్ట్రపు లెక్క ఒకసారి అడిగి తెలుసుకోండి. గడువు ఇంకా మిగిలే ఉండవచ్చు.

మరి గడువు పొడిగిస్తూ చట్టం మారితే పాత నేరాలకూ అది వర్తిస్తుందా? దీనికి జవాబు 2003లో వచ్చిన స్టాగ్నర్ వర్సెస్ కాలిఫోర్నియా తీర్పు. 1955 నుంచి 1973 మధ్య జరిగాయన్న నేరాలకు 1998లో కేసు పెట్టారు. ఆ రోజుల్లో గడువు 3 ఏళ్లే, అది ఎప్పుడో ముగిసిపోయింది. 1993లో కాలిఫోర్నియా కొత్త చట్టం తెచ్చి, చనిపోయిన గడువుకు మళ్లీ ప్రాణం పోసింది. 5-4 మెజారిటీతో సుప్రీంకోర్టు అది చెల్లదంది. కాబట్టి నియమం ఇది. గడువు ముగియకముందే చట్టం మారితే పొడిగింపు వర్తిస్తుంది. ఒక్కసారి ముగిశాక ఏ చట్టసభా దాన్ని బతికించలేదు. ప్రోనోటుకు కాలదోషం పట్టాక కూడా అప్పు తీరుస్తానని మళ్లీ రాసిచ్చి బతికించుకోవచ్చు. నేరానికి ఆ సౌకర్యం ప్రభుత్వానికి లేదు.

ఇక ఇండియా వెళ్లిపోవడం సంగతి. చాలా రాష్ట్రాల్లో ముద్దాయి రాష్ట్రంలో లేని కాలం గడువులో లెక్కకు రాదు. టెక్సాస్ చట్టం ఒక్క వాక్యంలో చెబుతుంది, రాష్ట్రంలో లేని సమయాన్ని లెక్కించకూడదు అని. దానికి పైహద్దు లేదు. డాలస్‌లో 1 ఏడాది గడిచాక హైదరాబాద్ వెళ్లి 10 ఏళ్లు ఉన్నవాడు తిరిగి దిగేసరికి, టెక్సాస్ లెక్కలో అతనికి గడిచింది 1 ఏడాదే. ఇండియా దాకా కూడా అక్కర్లేదు, పక్క రాష్ట్రానికి మారినా అంతే. కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో ఇలా పొడిగించగలిగేది 3 ఏళ్లకు మించదు. న్యూయార్క్‌లో 5 ఏళ్లకు మించదు. న్యూయార్క్‌లో ఒక రోజు, అంతకు మించి బయట ఉన్న విడతలన్నీ కూడి లెక్క కట్టవచ్చని 1999లో నాబెల్ కేసులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. జార్జియా, ఇల్లినాయ్, మసాచుసెట్స్, మిషిగన్ చట్టాల్లో ఉండే మాట "రాష్ట్రంలో మామూలుగా, బహిరంగంగా నివసించని కాలం" అని. ఫెడరల్ చట్టంలో, న్యూజెర్సీలో అయితే, న్యాయం నుంచి పారిపోయినవాడికి గడువే వర్తించదు.

ఇవన్నీ కేసు ఇంకా పెట్టని పరిస్థితికి. అసలు కేసు మొదలైనట్టు ఎప్పుడంటారు? ఇక్కడే లాయర్లు కూడా తడబడతారు. న్యూయార్క్‌లో కోర్టులో ఫెలనీ కంప్లైంట్ దాఖలు చేస్తే చాలు, మొదలైనట్టే. కాలిఫోర్నియాలో ఫెలనీకి కంప్లైంట్ ఒక్కటీ చాలదు. ముద్దాయిని జడ్జి ముందు నిలబెట్టి అభియోగం చదివి వినిపించాలి, లేదా అరెస్టు వారంటు జారీ కావాలి, లేదా ఇండైట్‌మెంట్ (పౌరుల బృందమైన గ్రాండ్ జ్యూరీ ఆమోదించే అభియోగపత్రం) గానీ ఇన్ఫర్మేషన్ (ప్రాసిక్యూటర్ నేరుగా వేసే అభియోగపత్రం) గానీ దాఖలు కావాలి. న్యూజెర్సీలో గ్రాండ్ జ్యూరీ ఇండైట్‌మెంట్ కావాలి. ఫెడరల్ కేసులో అరెస్టు చేసినా, కంప్లైంట్ వేసినా సరిపోదు. 5 ఏళ్లలోపు ఇండైట్‌మెంట్ గానీ ఇన్ఫర్మేషన్ గానీ రావాల్సిందే. సీల్ చేసిన ఇండైట్‌మెంట్లు కూడా ఉంటాయి. మీకు కాగితం అందలేదంటే కేసు లేదని కాదు.

వారంటులో మనిషి పేరు లేకపోతే? కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో 1994 ఆగస్టు 25న ఒక మహిళ మీద అత్యాచారం జరిగింది. ఎవరు చేశారో తెలియలేదు, డీఎన్ఏ మాత్రం దొరికింది. గడువు 6 ఏళ్లు. అది ముగియడానికి 4 రోజుల ముందు, 2000 ఆగస్టు 21న, ప్రాసిక్యూటర్ "జాన్ డో" (పేరు తెలియని మనిషికి వాడే పేరు) మీద కంప్లైంట్ వేశారు. మరునాడు వారంటు వచ్చింది. పేరు ఉండాల్సిన చోట 13 గుర్తుల డీఎన్ఏ ప్రొఫైల్ ఉంది. కొన్ని వారాలకే డేటాబేస్‌లో అసలు మనిషి దొరికాడు. పేరు లేని వారంటు వారంటే కాదని ముద్దాయి వాదించాడు. పేరు కన్నా డీఎన్ఏ కచ్చితంగా మనిషిని గుర్తిస్తుంది, గడువులోపు కేసు మొదలైనట్టే అని 2010లో రాబిన్సన్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. ఇలాంటి వారంటును 1999లోనే విస్కాన్సిన్‌లోని మిల్వాకీ ప్రాసిక్యూటర్లు వాడారు. న్యూజెర్సీ దారి వేరు. అక్కడ డీఎన్ఏ గానీ వేలిముద్ర గానీ దోషిని చూపించే కేసుల్లో, దొరికిన ఆధారమూ దానితో పోల్చడానికి కావాల్సిన నమూనా రెండూ చేతికొచ్చేదాకా లెక్క మొదలుకాదు. కానీ ఆ డీఎన్ఏ నేరుగా ముద్దాయినే చూపించాలి. ఎవరో మూడో మనిషి డీఎన్ఏ దొరికి, అతను ఇతని పేరు చెబితే కుదరదని 2018లో ట్విగ్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.

కేసు మొదలయ్యాక ముద్దాయిని ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే? ఫ్లోరిడాలో, ముందు అరెస్టు కాని మనిషి మీద అభియోగం వేస్తే, వారంటును అకారణంగా ఆలస్యం చేయకుండా అమలు చేయాలని చట్టంలోనే ఉంది. మనిషి రాష్ట్రంలో లేకపోతే, వెతికినా దొరక్కపోతే ఆ ఆలస్యానికి కారణం ఉన్నట్టే లెక్క. మిగతా చోట్ల ఇది కాలపరిమితి ప్రశ్న కాదు, సత్వర విచారణ హక్కు ప్రశ్న. 1992 డాగెట్ కేసు చూడండి. 1980 ఫిబ్రవరిలో మాదకద్రవ్యాల కేసులో ఇండైట్‌మెంట్ వచ్చింది. తన మీద కేసు ఉందని అతనికి తెలియదు. మార్చిలో కొలంబియా వెళ్లాడు. 1982లో తిరిగొచ్చాడు, పెళ్లి చేసుకున్నాడు, కాలేజీ డిగ్రీ తెచ్చుకున్నాడు, సొంత పేరుతోనే బతికాడు. 1988 సెప్టెంబరులో వారంట్లు అమలు చేసే మార్షల్ ఆఫీసు ఒక క్రెడిట్ చెక్ చేస్తే బయటపడ్డాడు. ఇండైట్‌మెంట్‌కూ అరెస్టుకూ మధ్య 8న్నర ఏళ్లు. అందులో ఎక్కువ కాలం ప్రభుత్వ నిర్లక్ష్యమే కాబట్టి అతనికి సుప్రీంకోర్టులో ఊరట దక్కింది. ఇది విని ధైర్యం తెచ్చుకోవద్దు. అతనికి కేసు సంగతి తెలియకపోవడం, దాక్కోకుండా బతకడం, ఈ రెండూ తీర్పులో కీలకం. వారంటు ఉందని తెలిసి విజయవాడలో కూర్చున్నవాడికి ఆ తీర్పు అక్కరకు రాదు. భారత, అమెరికాల మధ్య 1997లో కుదిరిన నేరస్థుల అప్పగింత ఒప్పందం ఉంది. అందులో కాలదోషం సంగతి కూడా ఉంది. కాకపోతే చూసేది అప్పగించమని అడిగే దేశపు చట్టం. అమెరికా అడిగితే అమెరికా లెక్కే, మన లెక్క కాదు.

ఫెడరల్ సంగతి క్లుప్తంగా. 5 ఏళ్లు సాధారణం. బ్యాంకు మోసానికి 10. పన్ను ఎగవేతకు 6. కోవిడ్ కాలంలో చిన్న వ్యాపారాలకు ఇచ్చిన పీపీపీ, ఈఐడీఎల్ రుణాల మోసాలకు 2022 ఆగస్టు చట్టాలతో 10 ఏళ్లు చేశారు. 2020లో తప్పుడు పేరోల్ లెక్కలతో రుణం తీసుకున్నవాళ్ల మీద 2030 దాకా కేసు పెట్టవచ్చు. వీసా పత్రాల మోసానికి 5, పౌరసత్వ, పాస్‌పోర్టు మోసాలకు 10.

గడువు ముగిసింది అన్నది ముద్దాయి లేవనెత్తాల్సిన వాదన. జడ్జి తనంతట తాను చూసి కొట్టేయాలని లేదు. ఫెడరల్ కోర్టులో విచారణ అప్పుడు ఆ మాట ఎత్తకపోతే, అప్పీలులో మొదటిసారి ఎత్తి గెలవడం కుదరదని 2016లో ముసాకియో కేసు చెప్పింది. నేరాన్ని తగ్గించి ఒప్పుకునే ప్లీ ఒప్పందాల దగ్గర ఇది తరచూ తప్పిపోతుంది. ఫెలనీకి గడువు ఉంటుంది, తగ్గించి ఇచ్చే మిస్‌డిమీనర్‌కు ఎప్పుడో ముగిసి ఉంటుంది. సంతకం పెట్టేముందు లాయర్‌ను ఆ తేదీ లెక్క కాగితం మీద వేసి చూపించమనండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: ఇండియాలో పెట్టే 498ఏ లాంటి కేసులకు గడువు ఉందా అండీ?

ఉందండీ. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 514వ సెక్షన్. అంతకుముందు సీఆర్‌పీసీ 468. జరిమానా మాత్రమే పడే నేరానికి 6 నెలలు, 1 ఏడాది దాకా జైలు పడేదానికి 1 ఏడాది, 3 ఏళ్ల దాకా పడేదానికి 3 ఏళ్లు. అంతకు మించి శిక్ష ఉన్న నేరానికి గడువే లేదు. 498ఏకు (2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్) గరిష్ఠం 3 ఏళ్లు కాబట్టి 3 ఏళ్ల గడువు వర్తిస్తుంది. కానీ వేధింపు కొనసాగుతుంటే లెక్క మళ్లీ మళ్లీ మొదలవుతుంది, న్యాయం కోసం అవసరమైతే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు. ఇంకా ముఖ్యం, నిందితుడు దేశంలో లేని కాలాన్ని లెక్కలోంచి తీసేస్తారు. అమెరికాలో ఉండి "అక్కడ 3 ఏళ్లు అయిపోయింది" అనుకోవడానికి లేదు. చూడాల్సింది ఫిర్యాదు దాఖలైన తేదీ, కోర్టు దాన్ని విచారణకు తీసుకున్న తేదీ కాదు. 2013లో సారా మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అలా తేల్చింది.

ప్రశ్న: గడువు అయిపోయాక గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఫారాల్లో ఆ సంగతి రాయక్కర్లేదు కదా?

రాయాలండీ. సిటిజన్‌షిప్ ఫారం ఎన్-400లో అరెస్టు కాని నేరాల గురించి కూడా అడుగుతారు. వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. ఆ ప్రశ్నల్లో "గడువు ముగియనివి మాత్రమే" అని ఉండదు. సిటిజన్‌షిప్ ఫారంలో అబద్ధం రాస్తే పాతదానికి కాలదోషం పట్టినా, కొత్తగా 10 ఏళ్ల గడువున్న నేరం పుడుతుంది. మోసంతో తెచ్చుకున్న పౌరసత్వాన్ని సివిల్ దావాతో రద్దు చేయడానికైతే గడువే లేదు. ఆ ప్రశ్నకు జవాబు రాసేముందు ఇమిగ్రేషన్ లాయర్, క్రిమినల్ లాయర్ ఇద్దరూ చూడాలి. ఒక్కరు చాలరు.

ప్రశ్న: మా తమ్ముడి మీద 9 ఏళ్ల కిందట ఒక కౌంటీలో ఏదో కేసు పెట్టారని విన్నాం. ఇప్పుడు వాడు అమెరికా రావచ్చా?

టికెట్ కొనకముందు తెలుసుకోవాల్సినవి ఇవి. ఏ కౌంటీ, ఏ సెక్షన్, నేరం అన్న తేదీ, అభియోగం దాఖలైన తేదీ, వారంటు ఉందా లేదా. ఆ కౌంటీ క్లర్క్ ఆఫీసు రికార్డుల్లో పేరు, పుట్టిన తేదీతో వెతకవచ్చు. సీల్ చేసినవి అక్కడ కనబడవు. మీరు గానీ తమ్ముడు గానీ పోలీసులకు ఫోన్ చేయవద్దు. ఆ రాష్ట్రంలోని క్రిమినల్ లాయర్‌తో అడిగించండి. తమ్ముడు ఎప్పుడు ఏ దేశంలో ఉన్నాడో పాస్‌పోర్టు ముద్రలు, ఐ-94 (అమెరికా రాకపోకల రికార్డు) చరిత్ర, టికెట్లు తేదీల వారీగా వరుసపెట్టి ఉంచండి. గడువు ఎక్కడ ఆగింది, ఎక్కడ నడిచింది అన్నది వాటితోనే తేలుతుంది. వారంటు బతికి ఉంటే విమానాశ్రయంలోనే ఆపవచ్చు. ముందే లాయర్ ద్వారా కోర్టుకు వెళితే, కొన్ని సందర్భాల్లో వారంటు వెనక్కి తీసుకుని తేదీ ఇస్తారు.

ఇంకొకటి. అవతలివాళ్లకు క్షమాపణ చెబుతూ వాట్సాప్‌లో ఏమీ రాయొద్దని వాడికి ఇవాళే చెప్పండి. ప్రోనోటు మీద చెల్లు రాస్తే గడువు కొత్తగా మొదలవుతుంది. ఇక్కడ ఆ మెసేజీతో గడువు మళ్లీ మొదలుకాదు గానీ, గడువు ఇంకా మిగిలి ఉంటే అదే మొదటి సాక్ష్యమవుతుంది.